అప్పు తీరింది, చెల్లు మాత్రం పడలేదు: ఒక ఎవిక్షన్ జడ్జిమెంట్ కేసు

ముందే చెప్పేస్తున్నా, నేను లాయర్ని కాదు. సియాటిల్ దగ్గర ఒక నాన్‌ప్రాఫిట్‌లో హౌసింగ్ కౌన్సిలర్‌గా చేస్తాను, రోజూ అద్దె గొడవలు, క్రెడిట్ రిపోర్టులు, ఫోర్‌క్లోజర్లు ఇవే పని. ఈ కేసులో కోర్టు పనంతా లాయర్ చేశారు, కాగితాలు వెతకడం, లెటర్లు రాయడం, ఫాలోఅప్‌లు నావి. క్లయింట్ ఒప్పుకున్నాకే రాస్తున్నా, అతన్ని గుర్తుపట్టేలా ఉన్నవి కొన్ని మార్చాను.

తెనాలి వైపు అబ్బాయి, భార్య, ఒక పాప. బాథెల్‌లో టూ బెడ్‌రూం అపార్ట్‌మెంట్, అద్దె నెలకి 2,450 డాలర్లు. 2023 జనవరిలో ఇక్కడ లేఆఫ్‌లు ఎలా ఉన్నాయో గుర్తుండే ఉంటుంది, మైక్రోసాఫ్ట్ 10,000 మంది, అమెజాన్ 18,000 మంది అని ఒకే నెలలో వార్తలొచ్చాయి, ఇతనిది వాటికంటే చిన్న కంపెనీ కానీ అదే గాలికి ఉద్యోగం పోయింది. రెండు వారాలు తిరక్కుండానే ఊళ్ళో నాన్నకి పక్షవాతం. ముగ్గురూ ఇండియా వెళ్ళిపోయారు. అకౌంట్లో ఉన్నదంతా గుంటూరు హాస్పిటల్‌కి పంపేసరికి ఫిబ్రవరి అద్దె ఆటోపే బౌన్స్ అయింది. లీజింగ్ ఆఫీస్‌కి ఒక్క ఈమెయిల్ పెట్టాడు, నాన్నకి బాలేదు, వచ్చాక కడతానని. జవాబు రాలేదు, ఇతనూ మళ్ళీ అడగలేదు. ఇక్కడ తప్పు ఇతనిదే, నేను మొహం మీదే చెప్పాను, నాలుగు నెలల్లో ఒక్క ఫోన్ చేసున్నా కథ ఇంత దూరం వచ్చేది కాదు.

మనిషి ఇక్కడ లేడు, తలుపు మీద 14 రోజుల నోటీసు అంటించారు. వాషింగ్టన్ స్టేట్‌లో అద్దె కట్టకపోతే ఇచ్చే నోటీసు అది, 2019 ముందు మూడు రోజులే ఉండేది. తర్వాత కింగ్ కౌంటీ సుపీరియర్ కోర్టులో కేసు, ఎవిక్షన్‌ని, అంటే కోర్టు ద్వారా ఇల్లు ఖాళీ చేయించడాన్ని, ఇక్కడ అన్‌లాఫుల్ డిటైనర్ అంటారు. చేతికి సమన్లు ఇవ్వలేకపోతే కోర్టు పర్మిషన్‌తో తలుపుకి అంటించి, పోస్టులో కూడా పంపొచ్చు, అలాగే చేశారు. ఎవరూ హాజరు కాలేదు కాబట్టి మే నెలలో డిఫాల్ట్ జడ్జిమెంట్, నాలుగు నెలల అద్దె 9,800, లాయర్ ఫీజు, కోర్టు ఖర్చులు కలిపి 10,915 డాలర్లు. షెరీఫ్ నోటీసు తలుపు మీద చూసి పక్క బిల్డింగ్ ఫ్రెండ్ వాట్సాప్‌లో ఫోటో పెట్టాడు, అప్పుడు తెలిసింది ఇతనికి. ఫ్రెండ్సే సామాన్లు తీసి స్టోరేజ్‌లో పెట్టారు.

జూన్‌లో కొత్త కంపెనీ ద్వారా హెచ్‌వన్ క్లియర్ అయి తిరిగొచ్చాడు. జూలైలో క్యాషియర్స్ చెక్ తీసుకుని ఓనర్ తరఫు లాయర్ ఆఫీస్‌కి వెళ్ళి మొత్తం 10,915 ఒకేసారి కట్టేశాడు. వాళ్ళు ఒక ఈమెయిల్ పంపారు, డబ్బు అందింది, థాంక్యూ అని. అంతే. ఇతను హమ్మయ్య అనుకుని మర్చిపోయాడు.

మన ఊళ్ళల్లో ప్రామిసరీ నోటు మీద అప్పు తీసుకుంటే కట్టిన ప్రతిసారీ వెనకాల చెల్లు రాయించుకుంటాం కదా, మొత్తం తీరాక నోటు వెనక్కి తీసుకుని చించేస్తాం. నోటు చేతికి రాకుండా ఉత్త మాట మీద డబ్బు ఇచ్చొస్తే ఇంట్లో పెద్దాళ్ళు తిడతారు. ఈ అబ్బాయి తాత వడ్డీ వ్యాపారం చేసేవాడట, ఆ మాట తనే చెప్పాడు నవ్వుతూ. మరి అమెరికాలో పదివేల డాలర్లు కట్టి చెల్లు ఎందుకు వేయించుకోలేదయ్యా అంటే, కోర్టుకి తెలుస్తుంది కదక్కా అన్నాడు. తెలీదు. డబ్బు లాయర్‌కి ఇచ్చావు, కోర్టు క్లర్క్‌కి కాదు. సాటిస్‌ఫాక్షన్ ఆఫ్ జడ్జిమెంట్ అని ఒక పేజీ కాగితం ఉంటుంది, గెలిచినవాళ్ళు సంతకం పెట్టి క్లర్క్ దగ్గర ఫైల్ చెయ్యాలి, అది పడేదాకా కోర్టు లెక్కలో అప్పు అలాగే ఉంటుంది. వాషింగ్టన్‌లో జడ్జిమెంట్‌కి పదేళ్ళ ఆయుష్షు.

2025 మార్చిలో నా దగ్గరికి వచ్చాడు. రెండో బిడ్డ రాబోతోంది, రెడ్మండ్‌లో త్రీ బెడ్‌రూంకి అప్లై చేస్తే రిజెక్ట్, ఇంకో చోట కూడా రిజెక్ట్. అప్పటికే ఒక క్రెడిట్ రిపేర్ కంపెనీకి 1,200 కట్టి ఉన్నాడు, అదీ అడ్వాన్సుగా. పని చెయ్యకముందే డబ్బు తీసుకోవడం క్రెడిట్ రిపేర్ ఆర్గనైజేషన్స్ యాక్ట్ ప్రకారం కుదరదు, అయినా తీసుకునేవాళ్ళు తీసుకుంటూనే ఉన్నారు. వాళ్ళు చేసిందేంటంటే క్రెడిట్ రిపోర్ట్‌లు తయారుచేసే మూడు బ్యూరోలకి, అంటే ఈక్విఫాక్స్, ఎక్స్‌పీరియన్, ట్రాన్స్‌యూనియన్‌కి, ఎవిక్షన్ జడ్జిమెంట్ తీసెయ్యండి అని నెట్‌లో దొరికే 609 లెటర్లు పంపారు. సెక్షన్ 609 అనేది నీ ఫైల్లో ఏముందో నీకు చూపించమనే హక్కు, తీసెయ్యమనే హక్కు కాదు. మూడు బ్యూరోల నుంచీ ఒకటే జవాబు, మీ రిపోర్ట్‌లో అలాంటి పబ్లిక్ రికార్డే లేదు అని.

బ్యూరోలు చెప్పింది నిజమే. చాలామందికి తెలియని సంగతి ఇది. 2015లో న్యూయార్క్ అటార్నీ జనరల్‌తో, ఆ తర్వాత ఇంకో 31 స్టేట్ల అటార్నీ జనరళ్ళతో ఈ మూడు బ్యూరోలు సెటిల్‌మెంట్ చేసుకున్నాయి, దాని ఫలితంగా 2017 జూలై నుంచి పబ్లిక్ రికార్డు పెట్టాలంటే పేరు, అడ్రస్‌తో పాటు సోషల్ సెక్యూరిటీ నంబరో పుట్టిన తేదీయో ఉండాలి, 90 రోజులకోసారి కోర్టు రికార్డుతో సరిచూసుకోవాలి. కోర్టు జడ్జిమెంట్లలో సోషల్ నంబర్ ఎవరు రాస్తారు? కాబట్టి సివిల్ జడ్జిమెంట్లన్నీ ఒక్కసారిగా రాలిపోయాయి, 2018 ఏప్రిల్‌కి టాక్స్ లీన్లు (పన్ను బాకీకి ఆస్తి మీద ప్రభుత్వం పెట్టే హక్కు) కూడా పోయాయి. ఇప్పుడు మామూలు క్రెడిట్ రిపోర్ట్‌లో కనపడే పబ్లిక్ రికార్డ్ బ్యాంక్రప్సీ ఒక్కటే. క్రెడిట్ రిపోర్ట్ నుంచి ఎవిక్షన్ జడ్జిమెంట్ తీయిస్తాను డబ్బులివ్వు అని ఎవరైనా అంటే, లేని పాముని పట్టిస్తానన్నట్టే.

మరి రిజెక్ట్ ఎందుకయింది? జడ్జిమెంట్ వేరే మూడు చోట్ల కూర్చుని ఉంది. కోర్టు రికార్డులో ఒకటి, టెనెంట్ స్క్రీనింగ్ కంపెనీల (అద్దెకి వచ్చేవాళ్ళ చరిత్ర ఆరా తీసి ఓనర్లకి రిపోర్ట్ ఇచ్చేవాళ్ళు) ఫైళ్ళలో ఒకటి, అదే బాకీ వసూలు ఏజెన్సీ చేతికెళ్ళి కలెక్షన్ అకౌంట్‌ అవతారమెత్తి క్రెడిట్ రిపోర్ట్‌లో ఒకటి. నేను ఏ కేసులోనైనా ముందు చేసేది ఈ మూడూ విడివిడిగా తెప్పించడం. క్రెడిట్ రిపోర్ట్‌లు యాన్యువల్ క్రెడిట్ రిపోర్ట్ డాట్ కామ్‌లో వారానికోసారి ఫ్రీ. స్క్రీనింగ్ రిపోర్ట్ కోసం రిజెక్ట్ చేసిన లీజింగ్ ఆఫీస్ ఇచ్చిన అడ్వర్స్ యాక్షన్ నోటీసు కావాలి, అందులో ఏ కంపెనీ రిపోర్ట్ చూసి రిజెక్ట్ చేశారో ఉంటుంది, 60 రోజుల్లోపు అడిగితే ఆ కంపెనీ మన కాపీ ఫ్రీగా ఇవ్వాలి. ఇతను ఆ నోటీసు కోపంతో చించేశాడు, రెండోదాని ఈమెయిల్ మాత్రం స్పామ్‌లో దొరికింది.

రిపోర్ట్ వచ్చాక చూస్తే మూడు ఎవిక్షన్లు. నేను రెండుసార్లు చదివాను. మొదటిది కేస్ ఫైలింగ్, రెండోది అదే కేసు జడ్జిమెంట్, నంబర్ ఒకటే, కానీ రెండు ఎంట్రీలు వేరువేరుగా వేసేసరికి చూసేవాడికి రెండిళ్ళలోంచి గెంటేయించుకున్న మనిషిలా కనిపిస్తాడు. ఇది కొత్త రోగమేం కాదు, 2023 అక్టోబర్‌లో వినియోగదారుల రక్షణ చూసే ఫెడరల్ సంస్థలు ఎఫ్‌టీసీ, సీఎఫ్‌పీబీ కలిసి ట్రాన్స్‌యూనియన్ వాళ్ళ రెంటల్ స్క్రీనింగ్ విభాగం మీద వేసిన కేసు 15 మిలియన్ డాలర్లకి సెటిల్ అయింది, అందులో ఒక ఆరోపణ అచ్చం ఇదే, ఒకే ఎవిక్షన్‌ని పలు ఎంట్రీలుగా చూపించడం.

మూడోది టెక్సాస్ కేసు, 2019ది. ఈ అబ్బాయి టెక్సాస్‌లో ఎప్పుడూ ఉండలేదు, 2019లో హైదరాబాద్‌లో ఉన్నాడు. ఎవరో ఇంకొకతను, అదే పేరు, అదే ఇంటిపేరు. మన పేర్లతో వచ్చే తంటా ఇది, పాస్‌పోర్ట్‌లో ఇంటిపేరు ఒక చోట, అసలు పేరు ఒక చోట, కొందరికి సర్‌నేమ్ ఖాళీ ఉంటే ఫస్ట్ నేమ్ కాలమ్‌లో ఎఫ్‌ఎన్‌యూ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్) అని పడుతుంది, ఒకే ఇంటిపేరు ఒకే పేరున్న వాళ్ళు డాలస్‌లోనే పదిమంది దొరుకుతారు. పేరు ఒక్కటే కలిసిందని రికార్డు అంటగట్టడం చట్టానికి లోబడినట్టు కాదని సీఎఫ్‌పీబీ 2021 నవంబర్‌లో స్పష్టంగా చెప్పింది కూడా. అయినా జరుగుతోంది.

క్రెడిట్ రిపోర్ట్‌లలో రెండింట్లో కలెక్షన్ అకౌంట్ ఉంది, 11,640. అంటే ఇతను కట్టేసిన అద్దే మళ్ళీ, దానికి తోడు కార్పెట్, క్లీనింగ్. ఓనర్ లాయర్ చెక్ తీసుకున్న సంగతి ప్రాపర్టీ మేనేజ్‌మెంట్‌కి తెలీదో, తెలిసినా కలెక్షన్ ఏజెన్సీకి చెప్పలేదో, ఒక చెయ్యి తీసుకుంది ఇంకో చెయ్యి అడుగుతోంది.

ఇక్కడ నేను ఒక నియమం పాటిస్తాను, కోర్టు ముందు, మిగతావన్నీ తర్వాత. కోర్టు రికార్డు అలాగే ఉండగా స్క్రీనింగ్ కంపెనీకి డిస్ప్యూట్ వేస్తే వాళ్ళు కోర్టు రికార్డు చూసుకుని వెరిఫైడ్ అని తిప్పి కొడతారు, వాళ్ళ తప్పు కూడా కాదది. జడ్జిమెంట్ నిజంగా జరిగిందే. కట్టేసినా సరే, ఫెడరల్ చట్టం ప్రకారం ఏడేళ్ళు, అంటే 2030 మే దాకా వాళ్ళు చూపించుకోవచ్చు. కట్టినందుకు దాని పక్కన సాటిస్‌ఫైడ్ అని పడుతుందంతే. మన దగ్గర సిబిల్‌లో లోన్ సెటిల్డ్ అని పడితే బ్యాంకువాడు ఎలా మొహం పెడతాడో, సాటిస్‌ఫైడ్ ఎవిక్షన్ చూసి లీజింగ్ ఆఫీస్ వాళ్ళు కూడా అంతే.

కాబట్టి సాటిస్‌ఫాక్షన్ ఒక్కటి సరిపోదు. వాషింగ్టన్‌లో 2016 నుంచి ఇంకో దారి ఉంది, ఆర్డర్ ఫర్ లిమిటెడ్ డిసెమినేషన్ అంటారు, చట్టం నంబర్ ఆర్‌సీడబ్ల్యూ 59.18.367. ఓనర్ కేసులో పస లేకపోయినా, అద్దె కట్టి టెనెన్సీ మళ్ళీ నిలబడినా, లేక ఇంకేదైనా సరైన కారణం ఉన్నా జడ్జి ఈ ఆర్డర్ ఇవ్వొచ్చు. ఇచ్చాక టెనెంట్ స్క్రీనింగ్ కంపెనీలు ఆ కేసు గురించి రిపోర్ట్‌లో చూపించకూడదు, స్కోర్‌లో కూడా వాడకూడదు. మూడో కారణమే మాకు పనికొచ్చేది.

లాయర్ని పట్టుకున్నాం, ఫ్లాట్ ఫీజు 1,500. ఎవిక్షన్ కేసుల్లో ఆదాయం తక్కువున్న అద్దెదారులకి ఫ్రీ లాయర్ ఇచ్చే చట్టం దేశంలో స్టేట్లన్నిటికంటే మొదట తెచ్చింది వాషింగ్టనే, 2021లో, కానీ అది కేసు నడుస్తున్నప్పటి మాట, ఇతని జీతానికి ఎలాగూ రాదు. లాయర్ గారు ఫైల్ చూసి, ముందు మోషన్ (కోర్టుకి పెట్టే అర్జీ) వెయ్యను, అవతలి లాయర్‌కి ఫోన్ చేస్తానన్నారు. నాకు నచ్చింది అది. మోషన్ వేసి కొట్లాడితే గెలవొచ్చు ఓడొచ్చు, ఇద్దరూ సంతకం పెట్టిన ఒప్పందం, స్టిప్యులేషన్ అంటారు, పట్టుకెళ్తే కమిషనర్ (జడ్జి తరఫున ఆర్డర్లు ఇచ్చే కోర్టు అధికారి) సాధారణంగా కాదనరు.

అవతలివాళ్ళు ఎందుకు ఒప్పుకుంటారు అని మీకు డౌట్ రావచ్చు. ఊరికే ఒప్పుకోరు. మన చేతిలో రెండు ముక్కలున్నాయి. ఒకటి, కట్టేసిన డబ్బుకి మళ్ళీ కలెక్షన్ పెట్టి దాదాపు రెండేళ్ళు రిపోర్ట్ చేశారు. రెండోది నాకు కాగితాలు సర్దుతుంటే దొరికింది, సెక్యూరిటీ డిపాజిట్ 500 ఉంది, దాని లెక్క ఎప్పుడూ పంపలేదు. అప్పట్లో 21 రోజుల్లో పంపాలి, 2023 జూలై ఆఖర్లో చట్టం మారి 30 రోజులయింది. టైంకి పంపకపోతే డిపాజిట్ మొత్తం వెనక్కి ఇవ్వాలి, కావాలని చేశారని తేలితే రెండింతల దాకా వెయ్యొచ్చు. 500 డాలర్లు ఏం గొప్ప సొమ్ము కాదు, కానీ కంపెనీ లాయర్‌కి ఇలాంటి చిన్న ముల్లు పెద్ద చికాకు. మా వాడికి మాత్రం కోపం, వాళ్ళ మీద దావా వేద్దాం అక్కా, రెండేళ్ళు నా పేరు పాడు చేశారు అని. నీకు పరువు నష్టం కావాలా ఇల్లు కావాలా అని అడిగాను. వాళ్ళావిడ పక్కనుంచి ఇల్లు అంది, అక్కడితో ఆ చర్చ అయిపోయింది.

బేరం ఇలా తెగింది. మేం డిపాజిట్, కలెక్షన్ క్లెయిమ్‌లు వదిలేస్తాం. వాళ్ళు సాటిస్‌ఫాక్షన్ ఫైల్ చేస్తారు, జడ్జిమెంట్ వెకేట్ చేసి, అంటే రద్దు చేసి, కేసు డిస్మిస్ చెయ్యడానికి, లిమిటెడ్ డిసెమినేషన్‌కి సంతకం పెడతారు, కలెక్షన్ ఏజెన్సీ నుంచి అకౌంట్ రీకాల్ చేస్తారు. ఈ రీకాల్ అన్న మాట రాతలో ఉండాలి, పెయిడ్‌గా అప్‌డేట్ చేస్తాం అంటే ఒప్పుకోవద్దు. అకౌంట్ వెనక్కి తీసుకుంటే ఏజెన్సీకి రిపోర్ట్ చేసుకోడానికి ఏమీ మిగలదు, ట్రేడ్‌లైన్, అంటే రిపోర్ట్‌లో ఆ అకౌంట్ ఎంట్రీ, మొత్తం డిలీట్ చేస్తారు. పెయిడ్ కలెక్షన్‌ని ఫైకో 9, వాంటేజ్ 3, 4 అనే క్రెడిట్ స్కోర్ పద్ధతులు లెక్కలోకి తీసుకోవు గానీ ఫైకో 8 తీసుకుంటుంది, ఇల్లు కొనేటప్పుడు మార్ట్‌గేజ్ వాళ్ళు వాడుతూ వచ్చిన పాత ఫైకోలూ తీసుకుంటాయి, వీళ్ళకి రెండేళ్ళలో ఇల్లు కొనే ఆలోచన ఉంది.

డ్రాఫ్ట్ ఆర్డర్ వచ్చినప్పుడు నేను ఒక్కటి పట్టుకున్నాను, ఇప్పటికీ ఆ సంగతి తలుచుకుంటే చిన్న గర్వం. ఆర్డర్‌లో భర్త పేరే ఉంది. లీజు ఇద్దరి పేరు మీదా ఉంది, కేసులో ఇద్దరూ ప్రతివాదులే. ఈ చట్టం మనిషిని బట్టి పనిచేస్తుంది, ఎవరి పేరు మీద ఆర్డర్ ఉంటే వాళ్ళకే. అలాగే వదిలేస్తే రేపు భార్య పేరు స్క్రీనింగ్‌లో పెట్టగానే కేసు మళ్ళీ తేలేది. పైగా ఆవిడ పేరు కేసులో స్పెల్లింగ్ తప్పు పడింది, దీర్ఘం దగ్గర ఒక ఏ అక్షరం తక్కువ. రెండు స్పెల్లింగులూ ఆర్డర్‌లో రాయించాం.

సరైన కారణం చూపడానికి పెట్టినవి పాస్‌పోర్ట్ స్టాంపులు, హాస్పిటల్ డిశ్చార్జ్ సమ్మరీ, లీజింగ్ ఆఫీస్‌కి పంపిన ఆ ఒక్క ఈమెయిల్, క్యాషియర్స్ చెక్ కాపీ. అద్దె ఎగ్గొట్టి పారిపోయిన మనిషి కాదు, వచ్చిన మరుసటి నెలలోనే మొత్తం కట్టాడు అన్నది కాగితాలే చెప్పాలి, డిక్లరేషన్‌లో (కోర్టుకి రాసిచ్చే వాంగ్మూలం) ఏడుపు అక్కర్లేదు. మొదట రాసిన డిక్లరేషన్ నాలుగు పేజీలుంటే లాయర్ గారు పేజీన్నరకి కోసేశారు. జూన్ రెండో వారంలో కమిషనర్ సంతకం అయింది. క్లర్క్ దగ్గర సర్టిఫైడ్ కాపీలు ఆరు తీసుకున్నాం.

జూలైలో స్క్రీనింగ్ కంపెనీకి డిస్ప్యూట్, సర్టిఫైడ్ మెయిల్‌లో, ఆర్డర్ కాపీతో. ఆన్‌లైన్ ఫారంలో వెయ్యొద్దని నా గట్టి అభిప్రాయం, డ్రాప్‌డౌన్‌లో నాది కాదు, కట్టేశాను లాంటి రెండు మూడు ఆప్షన్లే ఉంటాయి, మన కథ వాటిలో ఇమడదు. వాళ్ళకి 30 రోజుల గడువు, మధ్యలో మనం కొత్త కాగితాలు పంపితే ఇంకో 15 పెరగొచ్చు, అందుకే అన్నీ ఒకేసారి పంపాలి. 27వ రోజు జవాబు. టెక్సాస్ రికార్డు తీసేశారు, మిగతా రెండూ అప్‌డేటెడ్ అట, అంటే సాటిస్‌ఫైడ్ అని పెట్టి ఉంచేశారు. ఆర్డర్ చదివినవాళ్ళు లేరన్నమాట. రెండో లెటర్ ఒకటే పేజీ, చట్టం నంబర్, కేసు నంబర్, ఇద్దరి పేర్లు, ఈ కేసు ఉన్నట్టే మీరు చూపించకూడదు అని ఒక వాక్యం, కింద లాయర్ సంతకం. 11 రోజుల్లో రెండూ పోయాయి.

ఆ ఒక్క కంపెనీతో పని అవ్వదు. ఒక్కో అపార్ట్‌మెంట్ ఒక్కో కంపెనీ వాడుతుంది, సీఎఫ్‌పీబీ వాళ్ళు ఈ కంపెనీల లిస్టు ఒకటి పబ్లిష్ చేస్తారు, అందులోంచి ఈ ఏరియాలో ఎక్కువ వాడే ఐదింటికి ముందుగానే ఫైల్ కాపీ అడిగాం. రెండింట్లో ఏమీ లేదు, రెండింట్లో కేసు ఉంది, ఆర్డర్ పంపితే తీసేశారు. కలెక్షన్ అకౌంట్ ఒక బ్యూరోలో ఆగస్టులో పోయింది, రెండోదాన్లో సెప్టెంబర్ దాకా వేలాడింది, డిస్ప్యూట్ వేశాక పోయింది. డిలీట్ అయినది మళ్ళీ పెడితే ఐదు పనిదినాల్లో మనకి రాతపూర్వకంగా చెప్పాలి బ్యూరోవాళ్ళు, అందుకే ఆరు నెలలు ప్రతి నెలా ఒకసారి రిపోర్ట్ చూసుకోమని చెప్పాను.

ఇది సీల్ కాదు, అంటే రికార్డు ఎవరికీ కనపడకుండా మూసెయ్యడం కాదు, ఈ మాట అతనికి మూడుసార్లు చెప్పాను. వాషింగ్టన్ ఆర్డర్ స్క్రీనింగ్ కంపెనీల నోరు మూస్తుంది, కోర్టు ఇండెక్స్‌లో కేసు మాత్రం అలాగే ఉంటుంది, వెస్ట్ సియాటిల్‌లో బేస్‌మెంట్ అద్దెకిచ్చే పెద్దాయన స్వయంగా కోర్టు సైట్‌లో పేరు కొట్టి చూస్తే 23-2 తో మొదలయ్యే నంబర్ కనిపిస్తుంది, పక్కన డిస్మిస్డ్ అనీ కనిపిస్తుంది. వేరే స్టేట్లలో ఉన్నవాళ్ళు ఈ కేసు చూసి అదే దారి పట్టకండి. కాలిఫోర్నియాలో కేసు వేసిన 60 రోజుల్లో ఓనర్ గెలవకపోతే రికార్డు దానంతటదే బయటికి రాదు, ఆరెగాన్‌లో జడ్జిమెంట్ కట్టేశాక దాన్ని సెట్ అసైడ్, అంటే రద్దు, చెయ్యమని అడిగే చట్టం ఉంది, టెక్సాస్ జేపీ (జస్టిస్ ఆఫ్ ద పీస్) కోర్టులో ఎవిక్షన్ తీర్పు మీద అప్పీల్‌కి ఐదు రోజులే, కొత్త ట్రయల్ అడిగే వీలే లేదు, అది దాటాక ఇలా వెనక్కి వెళ్ళడం చాలా కష్టం. డాలస్ వాళ్ళ నుంచి నాకు ఎక్కువ ఫోన్లు వస్తాయి, వాళ్ళకి చెప్పగలిగేది తక్కువ.

గ్రీన్‌కార్డ్‌కి ఏమన్నా అవుతుందా అని ఆవిడ అడిగింది. ఎవిక్షన్ సివిల్ కేసు, క్రిమినల్ రికార్డు కాదు, ఫారాలు నింపేటప్పుడు మాత్రం ఇమ్మిగ్రేషన్ లాయర్‌కి ఈ ఆర్డర్ చూపించమన్నాను.

సెప్టెంబర్ ఆఖర్లో రెడ్మండ్‌లో ఇల్లు దొరికింది, మొదట రిజెక్ట్ చేసిన కాంప్లెక్స్ కాదు, దాని పక్కది. లీజు సంతకం రోజున నాకు ఫోన్ చేసి, అక్కా డిపాజిట్ కట్టాను, రసీదు తీసుకున్నాను, మూవిన్ ఫోటోలు తీసి ఈమెయిల్ చేశాను అని పాఠం అప్పజెప్పినట్టు చెప్పాడు. ఐదు కంపెనీల్లో చివరిదాని ఫైల్ నవంబర్‌లో వచ్చింది, బాథెల్ కేసు లేదు గానీ ఆ టెక్సాస్ పేరుగలవాడు మళ్ళీ అందులో ప్రత్యక్షమయ్యాడు. పాస్‌పోర్ట్ కాపీ, 2019 హైదరాబాద్ పేస్లిప్పులు జోడించి లెటర్ వేశాం, 30 రోజుల గడువు ఇంకా నడుస్తోంది.